పొట్టోని దిక్కు మాట్లాడిన మనిషి

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. "పప్పా, జువోనే! నువ్వు, మామతాత బాక్సర్ల కోసం లడాయి చేస్తుండె గదా, ఆ ఇద్దరి ఫైట్ కంప్యూటర్ బనాయించింది" అంది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఒక్క వాక్యంలో మూడు భాషలు కలిపి వడ్డిస్తుంది.

నిజమే. ఆ ఇద్దరే. ఎక్కడో విదేశాల బాక్సింగ్ ఛాంపియన్లు. ఒకాయన ఆట మానేసేనాటికి రెండో ఆయన ఇంకా బడికి వెళ్తుండి ఉంటాడు. అందుకే వాళ్ళు ఎన్నడూ ఎదురుపడలేదు. ఇప్పుడు కంప్యూటర్ ఇద్దరినీ పాతికేళ్ళ వాళ్ళను చేసి ఒకే బరిలోకి దింపింది. రెండు రౌండ్లు చూశాను. ఇక చూడబుద్ధి కాలేదు. ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

"ఎవరు జీతిండో చూడవా?"

"వద్దు బిడ్డా."

ఎవరు గెలిచారో తెలుసుకుని ఎవరితో పోట్లాడను? పోట్లాడవలసిన మనిషి పోయి నెలన్నర అయింది. పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ, చొక్కాకు ఒక చెయ్యి తొడిగి రెండో చెయ్యి తొడగకుండానే కూలబడిపోయాడట. గుండె అన్నారు.

ఆయన పేరు రాయను. సూరత్‌లో ఆయనను పేరుపెట్టి పిలిచినవాళ్ళు కూడా లేరు. గోడాదరాలో ఒకే గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఆయన మా ఏడుగురికీ మామ, మేము ఆయనకు అల్లుళ్ళం. చుట్టరికం ఏమీ లేదు, ఉత్తర తెలంగాణలో అటూ ఇటూ ఊళ్ళవాళ్ళం, అంతే. బాబాయి అంటే గౌరవించాల్సి వస్తుంది. మామ అంటే ఆటపట్టించవచ్చు. అందుకని మామ అనడంలోనే సుఖం ఉంది.

బక్కపలచని మనిషి. ముఖంలో ముందు కళ్ళే కనబడేవి. ఎదుటివాడు మాట్లాడుతుంటే రెప్ప వేయకుండా చూసేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళు జంకేవాళ్ళు. "ఏంది మామా, మింగేటట్టు చూస్తున్నవ్?" అంటే, "మనిషి మాట్లాడ్తుంటె మొఖం చూడాలె. గోడను చూస్తరా?" అనేవాడు. అన్నం తినేటప్పుడు గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. మేమంతా ఆయనకు ఎదురుగా ఉండాలి. వెనక్కి ఎవరైనా వెళ్ళి నిలబడితే చిరాకు. పెద్దరికం చూపించుకుంటున్నాడని నవ్వుకునేవాళ్ళం.

మేము నడిపేవి సాంచాలు, అంటే మరమగ్గాలు. మనిషికి పన్నెండు. ఆరు ఇటు, ఆరు అటు, నడుమ పక్కకు తిరిగి నడిచేంత సందు. ఆ రేకుల షెడ్డులో అన్ని సాంచాలూ ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అక్కడ మాటంతా చేతులతోనే. బొటనవేలు నోటి దగ్గర పెడితే ఛాయ్. భుజం మీద రెండు వేళ్ళతో తట్టుకుంటే సేఠ్ వస్తున్నాడు. మిగతా ముచ్చటంతా ఎదుటివాడి పెదవులు చూసి తెలుసుకోవడమే. నాలుగు నెలలు పనిచేస్తే ఎవరికైనా ఆ విద్య వస్తుంది. మామకు వచ్చినంత బాగా మాత్రం ఇంకెవరికీ రాలేదు. పది సాంచాల అవతల నేను నాలో నేను గొణుక్కున్నా పట్టేసేవాడు. "సేఠ్‌ను తిట్టినవ్ గదా ఇందాక?" అని ఛాయ్ దగ్గర అడిగేవాడు.

ఇంకో విద్య కూడా ఉండేది ఆయనకు. ఏ సాంచా చెడిపోబోతున్నదో ముందే చెప్పేవాడు. మేము చప్పుడులో తేడా కోసం చెవి రిక్కించి వినేవాళ్ళం. ఆయన అరచెయ్యి ఇనుప చట్రం మీద పెట్టి, కళ్ళు మూసుకుని, "దీని పని అయిపోయింది, మాస్టర్‌ను పిలువు" అనేవాడు. తప్పేవాడు కాదు. మాస్టర్ అంటే రిపేర్లు చేసే ఆయన. ఆయన కూడా మామ చెయ్యి పెట్టిన దగ్గరే స్పానర్ పెట్టేవాడు. మేము దీన్ని అనుభవం అనుకున్నాం. అనుభవమే అనుకోండి, కాకపోతే ఎలాంటి అనుభవమో తెలియడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

మా సందు మొదట్లో ఛాయ్ దుకాణం భయ్యా, సెలవు రోజున టీవీలో పాత బాక్సింగ్ పోటీలు పెట్టేవాడు. మామకు సినిమా అంటే పడదు. గదిలో అందరం సినిమా చూస్తూ పడీపడీ నవ్వుతుంటే ఆయన లేచి బట్టలు ఉతుక్కునేవాడు. బాక్సింగ్ అంటే మాత్రం ప్రాణం. "గీ ఆటల మాటల్లేవు అల్లుడా. తగిలితె తగిలినట్టె, పడితె పడ్డట్టె" అనేవాడు.

అక్కడ పుట్టింది మా తగువు. ఛాంపియన్ల పేర్లు మాకు నోరు తిరగలేదు. ఒకాయన తాడిచెట్టంత ఉండేవాడు. పొడవాటి చేతులు, వెనక్కి వెనక్కి గంతులు వేస్తూ ఎదుటివాడిని అలసగొట్టి పడగొట్టేవాడు. ఆయన పొడుగోడు. రెండో ఆయన గుమ్మటంలా ఉండి, తల వంచుకుని లోపలికి దూరి పక్కటెముకలు విరగ్గొట్టేవాడు. ఆయన పొట్టోడు. ఈ ఇద్దరూ మంచి వయసులో ఉండగా తలపడి ఉంటే గెలుపెవరిది? నేను పొడుగోని దిక్కు. మామ పొట్టోని దిక్కు.

"పొట్టోడు దగ్గరికొస్తేనే గదా మామా కొట్టేది? పొడుగోడు రానిస్తడా?"

"రానియ్యక యాడికి పోతడు? ఎనుకకు పోవుడేనాయె వానికి తెలిసింది. ఎనుక తాళ్ళుంటయి. తాళ్ళు ఈపుకు తాకినంక?"

"పక్కకు జరుగుతడు."

"జరుగనిస్తడా పొట్టోడు? మూల పట్టిండంటె ఇడువడు."

"నాలుగు రౌండ్లల్ల పొట్టోనికి దమ్ము అయిపోతది."

"నాలుగు రౌండ్ల దాకా పోదు ముచ్చట!"

ఇదీ వరస. ఈ మాటలే, ఈ క్రమంలోనే. ఏడాది కాదు, రెండేళ్ళు కాదు. షెడ్డులో ఆయన సందులోంచి అరచెయ్యి తల మీదకు ఎత్తి, పొడుగోడు అని చూపించి, ఆ చెయ్యి మీద రెండో చేత్తో ఒక్కటిచ్చి కూల్చేసేవాడు. నేను ఇటునుంచి గుప్పిళ్ళు బిగించి వెనక్కి గంతులేసేవాణ్ణి. ఒకసారి అలా గంతేస్తుంటే నా వెనక సాంచాలో పోగులు తెగి, మూరెడు బట్ట పాడయింది. మాస్టర్ ఇద్దరినీ కలిపి తిట్టాడు. మామ పెదవులు మాత్రం ఆడించి నాకు చెప్పాడు: "సూశినవా, ఎనుకకు పోతె గిట్లనే అయితది."

కొత్త మాట ఏదైనా తెచ్చి వాదిద్దామని నేను చూసేవాణ్ణి. పొట్టోడికి మోకాలు నొప్పి ఉండేదట అనో, పొడుగోడు ఎడమచేతి వాటం మార్చుకున్నాడట అనో అంటే మామ ముఖం ముడుచుకుపోయేది. "గవన్ని పక్కకు పెట్టు. తాళ్ళ ముచ్చట చెప్పు" అని పాత దారిలోకే లాగేవాడు. నాకు ఒళ్ళు మండేది. "నీతోని మాట్లాడుడు, చెవిటోని ముంగట శంఖమూదుడు ఒక్కటే" అనేవాణ్ణి. ఒకసారి కాదు, వారానికి ఒకసారైనా అని ఉంటాను. ఆయన పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. ఊళ్ళో ఉన్న అత్తమ్మ సెలవు రోజు ఫోన్ చేసేది. మామ ఫోన్ నా చేతికి ఇచ్చేసేవాడు. "నువ్వే మాట్లాడు. నాకు సిగ్నల్ సక్కగ దొరుకదు" అనేవాడు. ఆమె చెప్పింది నేను ఆయనకు ఎదురుగా నిలబడి చెప్పేవాణ్ణి, ఆయన చెప్పింది ఆమెకు చేరవేసేవాణ్ణి. మొగుడూపెళ్ళాల నడుమ ఎనిమిదేళ్ళు టెలిఫోన్ తీగలా బతికాను. సరసం నేనే చెప్పాలి, తగువు నేనే చెప్పాలి. ఒకసారి అత్తమ్మ ఏడ్చింది. "మొన్న పండుగకు వచ్చినప్పుడు ఎనుకకెంచి నాలుగుసార్లు పిలిచిన బిడ్డా. తిరిగి సూడలె. సూరతు పోయి ఇంత పొగరెక్కుతదా మనిషికి? నేను గంతనం బరువైనానా?" అంది. నేను ఆ మాట మామకు చెప్పలేదు. "అంతా మంచిదేనట" అన్నాను. ఊరికి వెళ్తే పది రోజులు కాకముందే తిరిగి రైలెక్కేవాడు. ఎందుకు మామా అంటే, "ఇంటికాడ అందరు ఒక్కసారే మాట్లాడ్తరు" అనేవాడు. ఇంటి మీద మమకారం లేని మనిషి అనుకున్నాను. ఎంత తేలికగా అనుకున్నాను!

నాకు అదృష్టం కలిసొచ్చి సాంచాల నుంచి బయటపడ్డాను. రింగ్‌రోడ్డు మార్కెట్ దగ్గర పార్సిల్ ఆఫీసులో రాతకోతల పని దొరికింది. భార్యాబిడ్డలను తెచ్చుకుని వేరే ఇల్లు తీసుకున్నాను. మామ మాత్రం అదే గదిలో, అదే సందులో ఉండిపోయాడు. సెలవు రోజు ఛాయ్ దుకాణానికి వెళ్తే నా కోసం బెంచీ మీద ఎదురు చోటు ఆపి ఉంచేవాడు. అప్పటికే దగ్గు పట్టుకుంది. మోకాళ్ళు వాచిపోయేవి. ఒకనాడు ఆయనే అన్నాడు: "అల్లుడా, నన్నుసుత బయట పడెయ్యరాదా? ఇగ నిలవడుడు నాతోని అయితలేదు. కుర్చేసుకొని కూసునే పని ఏదన్న సూడు."

పదకొండేళ్ళలో ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కటే.

మా ఆఫీసు యజమాని అడాజన్‌లో ఫ్లాట్లలో ఉంటాడు. వాళ్ళ సొసైటీకి పగటి వాచ్‌మన్ కావాలని తెలిసి మామ గురించి చెప్పాను. రమ్మన్నారు. మామ ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. తలకు నూనె రాసి పాపట తీసి, పెళ్ళిచూపులకు వెళ్తున్నట్టు బస్సులో నిటారుగా కూర్చున్నాడు. "గేటు కాడ చెట్టుంటదా?" అని అడిగాడు. "నీడుంటె సాలు. ఆర్నెల్లల్ల మీ అత్తమ్మను తీసుకొస్త. ఉండేటందుకు ఒక అర్ర ఇస్తరట గదా?"

సొసైటీ సెక్రటరీ పెద్దమనిషి, మెత్తనివాడు. కుర్చీ వేయించి, ఎదురుగా కూర్చుని హిందీలో అడిగాడు. ఎక్కడి వాళ్ళు, తాగుడు ఉందా, రాత్రి పని కూడా చేయగలరా అని. మామ ఆయన పెదవుల మీద కళ్ళు నిలిపి అన్నిటికీ జవాబు చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. నాకు గర్వమనిపించింది. పని దొరికినట్టే అనుకున్నాను.

"రండి, గేటు చూపిస్తాను" అంటూ సెక్రటరీ లేచి ముందు నడిచాడు. నడుస్తూనే ఏదో అడిగాడు. మామ పలకలేదు. మళ్ళీ అడిగాడు. మామ గేటు పక్కన ఉన్న వేపచెట్టును చూస్తున్నాడు, ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. చూస్తూ చూస్తూ దారి నడుమకు వెళ్ళి నిలబడ్డాడు. వెనక నుంచి కారు వచ్చింది. హారన్ కొట్టింది. మామ కదలలేదు. మళ్ళీ కొట్టింది. మూడోసారి డ్రైవర్ చెయ్యి తీయకుండా కొట్టాడు. చెట్టు మీద పావురాలు లేచిపోయాయి. బాల్కనీలోకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి చూశారు. మామ చెట్టునే చూస్తున్నాడు. నేను పరిగెత్తి రెక్క పట్టి ఇవతలికి లాగాను.

సెక్రటరీ మామ వైపు చూడలేదు. నన్ను చూసి, "ఎమనే సంభళాతు నథీ కే?" అన్నాడు మెల్లగా. ఈయనకు వినపడదా అని. "ఫోన్ చేస్తాం లెండి" అన్నాడు. చేయరని ముగ్గురికీ తెలుసు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. మామకు కిటికీ పక్క సీటు దొరికింది. నేను ఆయన సీటు వెనక నిలబడ్డాను. తాపీ నది వంతెన వచ్చింది. నీళ్ళకేసి చూస్తున్న ఆ తల వెనక భాగం, నూనె రాసిన వెంట్రుకలు, నాకు అడుగు దూరంలో ఉన్నాయి. ఇంకా నాకు నమ్మకం కలగడం లేదు. పరాకుగా ఉన్నాడేమో అని ఒక ఆశ. వంగి, మామూలు గొంతుతో కాదు, కొంచెం గట్టిగానే అన్నాను.

"మామా, నువ్వన్నదే నిజం. నేను ఓడిపోయిన. నీ పొట్టోడే గెలుస్తడు."

ఈ మాట నా నోట వినాలని ఆయన పదకొండేళ్ళు కొట్లాడాడు. పక్క సీటులో ఆమె తిరిగి నన్ను వింతగా చూసింది. ముందు సీటులో కుర్రాడు తిరిగాడు. మామ తిరగలేదు. నాకు అక్కడే ఏడుపు వచ్చింది.

గోడాదరాలో దిగాక పది అడుగులు వేసి ఆయనే ఆగాడు. నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"తెలిసింది గదా?"

తల ఊపాను. "ఎన్నేండ్లాయె మామా?"

"కుడి చెవు పోయి తొమ్మిదేండ్లు. ఎడమది ఆరు. గిప్పుడు సాంచాల చప్పుడుసుత లేదు. కాళ్ళకు తెలుస్తది, గంతే."

"మరి డాక్టరుకు చూపిస్తే? మిషిని పెడతరు గదా?"

"ఒకసారి కొనుక్కొచ్చి పెట్టుకున్న. సాంచాల నడుమ పిచ్చి లేశినట్టయింది. తీసి పెట్టెల పడేశిన."

"ఎవరికన్న చెప్పరాదా? మాకన్న?"

"చెప్తె ఏమంటరు? చెవిటోడంటరు." నావైపు కోపం లేకుండానే చూశాడు. నాకు మాత్రం చెంప పగిలినట్టయింది. "షెడ్డుల అయితె అందరు నా తీరుగనే అల్లుడా. ఎవ్వనికి ఏం వినవడదు. అండ్ల నేను చెవిటోణ్ణి కాదు. బయటికొస్తెనే చెవిటోణ్ణి. ఆ చప్పుడే నా చెవులు తిన్నది, ఆ చప్పుడులనే నేను మనిషిని. ఇగ నేను యాడికి పోవాలె?"

అత్తమ్మకైనా చెబుదాం అన్నాను. ఆమె పొగరు అనుకుంటోందని, ఏడ్చిందని అప్పుడు చెప్పేశాను. "పొగరే అనుకోనియ్యి. పొగరు మొగోనికి ఉంటదని ఊరుకుంటది. చెవిటోడంటె ఊరంత ఇంటి ముంగటికొచ్చి నవ్వుతది. నేనుసుత చిన్నప్పుడు ఒకన్ని గట్లనే నవ్విన" అన్నాడు. నా చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టించుకుని, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. నెల క్రితం దశదినాన అత్తమ్మ నన్ను పక్కకు పిలిచి, "అక్కడన్న మీరు పిలిస్తె పలికేటోడా బిడ్డా?" అని అడిగింది. మనిషే లేడు, ఇంకా ఒట్టేమిటి అనుకున్నాను. అయినా "పలికేటోడు అత్తమ్మా" అన్నాను. ఆమె ఇంకాస్త కుమిలిపోయింది. చెప్పినా తప్పే, చెప్పకపోయినా తప్పే. ఇవాళ్టికీ నేను ఆ సందులోనే ఇరుక్కుని ఉన్నాను.

ఆ రోజు సంగతి ముగించాలి. ఆయన చెయ్యి పట్టుకుని, ముఖం ఆయనకు చక్కగా కనబడేలా నిలబడి, పెదవులు నెమ్మదిగా కదిలిస్తూ మళ్ళీ చెప్పాను. "నీ పొట్టోడే గెలుస్తడు మామా. నేను ఒప్పుకున్న."

సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముఖం తెల్లబోయింది. నా చెయ్యి విదిలించాడు.

"ఎందుకు ఒప్పుకుంటవ్?"

"నిజమనిపించింది."

"అబద్ధం. జాలి పడ్డవ్." రోడ్డు మీద మనుషులు చూస్తున్నారు. "నువ్వు ఒప్పుకుంటె ఇగ మనిద్దరికి ఏమున్నది మాట్లాడుకునేటందుకు? తక్కిన ముచ్చట్లల్ల మీ మూతుల ఎనుక ఉరికి ఉరికి సస్తున్న అల్లుడా. సగం దొరుకుతది, సగం దొరుకదు. దొరుకంది నవ్వి ఎల్లదీస్త. గీ ఒక్క ముచ్చటల నువ్వు నోరు తెరువకముందే నాకెరుక నువ్వేమంటవో. గీ ఒక్కదాన్ల నాకు వినవడ్తది. దాన్నిసుత బంద్ చేస్తవా?"

కొత్త వాదన తెచ్చినప్పుడల్లా ఆయన ముఖం ఎందుకు ముడుచుకుపోయేదో అప్పుడు తెలిసింది నాకు. పదకొండేళ్ళు నేను ఆయనతో వాదించాననుకున్నాను. ఆయన నన్ను విన్నాడు. ఇంకెవరినీ వినలేక, నన్ను మాత్రం విన్నాడు.

మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి ఆయనే దారి వెతికాడు.

"సరే. నువ్వు పొట్టోని దిక్కు వచ్చినవ్ గదా. ఇగ నేను పొడుగోని దిక్కు. మాట్లాడు."

"మామా..."

"మాట్లాడుమన్న."

పొట్టోని తరఫున మొదటి మాట అన్నాను. "పొడుగోనికి ఎనుకకు పోవుడే తెలుసు. ఎనుక తాళ్ళుంటయి..."

నేను సగం కూడా చెప్పకముందే మామ గుప్పిళ్ళు పైకి లేచాయి. "పక్కకు జరుగుతడు!" అని రోడ్డంతా వినపడేలా అరిచి, వాచిన మోకాళ్ళతోనే పక్కకు ఒక గంతు వేశాడు.